ఇల్లు అమ్మేటప్పుడు ఈసీ ఒక్కటే చాలదు, చెద కాగితం కూడా కావాలి

ఎడిటర్ గారికి,

నమస్కారం. ఇల్లు కొనేవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తల గురించి మీ పేపర్లో అప్పుడప్పుడూ వేస్తుంటారు, నేను వాటిని కత్తిరించి దాచుకునే మనిషిని. ఈసీ (ఆస్తి మీద అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం) ఎన్నేళ్లకి తియ్యాలి, లింకు డాక్యుమెంట్లు ఎలా చూడాలి, ప్లాన్ అప్రూవల్ ఉందా, ఇంటి పన్ను బకాయి ఉందా, అన్నీ ఉంటాయి అందులో. చెద గురించి మాత్రం ఒక్క లైను ఉండదు. మేం విజయనగరంలో దాసన్నపేట వైపు ఒక పాత ఇల్లు కొని మూడేళ్లయింది. ఆ ఒక్క లైను మాకు ఎవరూ చెప్పకపోవడం వల్ల ఎంత ఖర్చయిందో, ఎంత టెన్షన్ పడ్డామో చెబుదామని, ఇంకొకరికి అలా జరక్కుండా ఏం చెయ్యొచ్చో నాకు తోచింది కూడా రాద్దామని ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, మీకు చోటున్నంత వెయ్యండి.

మా ఆయన హైస్కూల్ టీచరు. ఇరవై ఏళ్లు అద్దెకి ఉండి, పీఎఫ్ లోంచి కొంత, బ్యాంకు లోను కొంత, నా నగలు కొన్ని కలిపి కొన్నాం ఆ ఇల్లు. చూడ్డానికి మూడుసార్లు వెళ్లాం. మొదటిసారి మేమిద్దరం, రెండోసారి మా అన్నయ్యతో, మూడోసారి వాస్తు చూసే ఆయనతో. ఆయన టేపు పెట్టి ఈశాన్యం మూల కొలిచారు, గుమ్మాలు లెక్కపెట్టి ఎనిమిది, సరిసంఖ్య, బాగుంది అన్నారు. ఆ ఎనిమిది గుమ్మాల్లో ఒక్కదాన్నైనా వేలితో తట్టి చూసినవాళ్లు మాలో ఒక్కరూ లేరు. లోను కోసం బ్యాంకు పంపిన వాల్యూయర్ వచ్చారు, నాలుగు వైపులా ఫొటోలు తీసుకున్నారు, స్లాబు చూశారు, పావుగంటలో వెళ్లిపోయారు. ఇల్లంతా కొత్త రంగు, తలుపులకి కూడా. అమ్మకానికి పెట్టినవాళ్లు రంగు వేయించడం మామూలే కదా అనుకున్నాం.

మరుసటి ఏడాది జూన్‌లో తొలకరి పడింది. రెండో రోజు సాయంత్రం కరెంటు పోయి వచ్చింది, హాల్లో ట్యూబ్‌లైటు వెలగ్గానే గది నిండా ఉసిళ్లు. తొలకరికి ఉసిళ్లు లేవడం మనకి కొత్తేం కాదు, నా చిన్నప్పుడు మా ఊళ్లో దీపం కింద పళ్లెంలో నీళ్లు పెట్టి పట్టేవాళ్లు, వేయించుకుని తినేవాళ్లు కూడా. అందుకే కంగారు పడకుండా మా పాపతో కిటికీలు మూసెయ్యమ్మా అన్నాను. కిటికీలు మూసే ఉన్నాయమ్మా అంది. అప్పుడు చూశాను. అవి బయటి నుంచి రావట్లేదు. హాల్లోంచి వంటింట్లోకి వెళ్లే గుమ్మం దగ్గర, గడపకి గోడకి మధ్య గోరు పట్టేంత సందు ఉంది, ఆ సందులోంచి ఒకదాని వెనక ఒకటి వరస కట్టి పాక్కుంటూ వచ్చి, అంచున ఒక్క క్షణం ఆగి, రెక్కలు విదుల్చుకుని లేస్తున్నాయి. సందు చుట్టూ ఎర్రటి తలలున్న రెక్కల్లేని పురుగులు కాపలా కాస్తున్నట్టు నిలబడి ఉన్నాయి. పొద్దున్నే ఊడిస్తే చేటెడు రెక్కలు వచ్చాయి.

ఇది చదివేవాళ్లకి పనికొస్తుందని చెబుతున్నాను, ఆ రెక్కలు ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. చెద ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే పొడవు ఉంటాయి, నడుం ఉండదు, ఒళ్లంతా ఒకే లావు. రెక్కల చీమకైతే ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి, నడుం సన్నగా నొక్కినట్టు ఉంటుంది. ఇంటి లోపలి నుంచే చెద ఉసిళ్లు లేచాయంటే వాటి కాపురం ఆ గోడలోనో, నేల కిందో ఉన్నట్టే. ఇంకో సంగతి నాకు తర్వాత తెలిసింది. ఉసిళ్లంటే కొత్త కాపురం పెట్టుకోవడానికి బయల్దేరే రాజులూ రాణులూ, ఒక పుట్టలో అవి తయారవ్వాలంటే ఆ పుట్ట కొన్నేళ్ల పాటు ఎదిగి ఉండాలి. మేం గృహప్రవేశం చేసి అప్పటికి పది నెలలు. అంటే మేం పాలు పొంగించుకున్న రోజున అది మా కాళ్ల కింద ఉంది.

స్పూను వెనకవైపుతో ద్వారబంధం కింద నుంచి పైదాకా తట్టుకుంటూ వెళ్లాను. పైన టక్‌టక్ మని గట్టి చప్పుడు, కింద రెండడుగుల మేర డొల్ల చప్పుడు. బొటనవేలితో నొక్కితే రంగు అప్పడంలా విరిగి వేలు లోపలికి వెళ్లిపోయింది. రంగు, దాని వెనక పుట్టీ, దాని వెనక తడి మట్టి. కర్ర లేదు. ఆ మట్టిలో తెల్లటి పురుగులు వెలుతురు తగలగానే లోపలికి పరిగెడుతున్నాయి.

వడ్రంగి మేస్త్రిని పిలిపించాం. ఆయన గుమ్మం ముందు కూర్చుని ఒకసారి పైకీ కిందకీ చూసి, ఈ గుమ్మం నాకు తెలుసమ్మా అన్నాడు. ఏడాది కిందట ఇందులో ముక్క అతికి పుట్టీ పెట్టింది ఆయనేనట. "అప్పుడే సెప్పినానమ్మా, ఇది అతుకులకి ఆగేది కాదు, మొత్తం తీసెయ్యాలని. అమ్మేస్తన్నాం, పైకి సాఫీగా కనబడితే సాలన్నారు." ఆయన మీద నాకు కోపం రాలేదు, కూలికి వచ్చిన మనిషి. ఎవరు కొంటున్నారో కూడా ఆయనకి తెలీదు.

తవ్వుకుంటూ పోతే మూడు ద్వారబంధాలు, ఒక తలుపు, వంటింట్లో సింకు కింద ప్లైవుడ్ అలమర మొత్తం పోయాయి. మందు కొట్టించడం, కొత్త కర్ర, కూలీ, మళ్లీ రంగు, అన్నీ కలిపి లక్షా డెబ్బై వేలు దాటింది. అది ఎలాగో సర్దుకున్నాం. సర్దుకోలేనిది వేరే ఉంది. గోడ అలమర కింది అరలో మా నాన్నగారు నేను హాస్టల్లో ఉన్నప్పుడు రాసిన ఉత్తరాలు కట్టగా పెట్టుకున్నాను, ప్లాస్టిక్ తాడు కట్టి. తీస్తే కట్ట కట్టలాగే ఉంది, ముడి కూడా అలాగే ఉంది. విప్పితే లోపల మట్టి. ఇన్‌లాండ్ లెటర్ల నీలం అంచులు మాత్రం చుట్టూ చట్రంలా మిగిలాయి, మధ్యలో ఒక్క అక్షరం లేదు.

ఇంత రాసి నా సంగతి దాచుకుంటే అది సరైన ఉత్తరం కాదు. 2011లో చీపురుపల్లి వైపు మా ఊళ్లో నాన్నగారి పెంకుటిల్లు మేం అమ్మాం. వెనక గదిలో ఒక దూలం గోడలోకి దిగిన చోట చెద తినేసింది, అమ్మకి తెలుసు, అన్నయ్యకి తెలుసు, నాకు తెలుసు. కొనేవాళ్లు చూడ్డానికి వచ్చిన రోజు ఆ గదిలో ధాన్యం బస్తాలు గోడ పొడవునా పైదాకా పేర్చి ఉన్నాయి. మేం పనిగట్టుకుని పేర్చలేదు గాని, తీయించనూ లేదు. వాళ్లు అడగలేదు, మేం చెప్పలేదు. కొన్నాయన మా ఊరివాడే, ఆర్మీలో చేసి రిటైరై వచ్చి, ఆ వచ్చిన డబ్బు పెట్టి కొన్నాడు. నాకు జరిగినప్పుడు అమ్మినవాళ్లని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను, ఆ రాత్రి నిద్రపట్టక పడుకుంటే ఆ బస్తాలే కళ్ల ముందుకొచ్చాయి. అందుకే నేను ఇది అమ్మేవాళ్లందరూ మోసగాళ్లు, కొనేవాళ్లందరూ అమాయకులు అన్న ధోరణిలో రాయట్లేదు. అడిగే పద్ధతి లేని చోట చెప్పకుండా ఊరుకోవడం మంచివాళ్లకి కూడా తేలికైపోతుంది.

మరి చట్టం లేదా అంటే ఉంది, అదీ ఈనాటిది కాదు. మా ఆడపడుచు గారి భర్త లాయరు, ఆయన చూపించారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షన్ మొట్టమొదటి క్లాజే ఇది: ఆస్తిలో ముఖ్యమైన లోపం ఏదైనా అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూస్తే కొనేవాడికి కనబడనిది అయితే, అమ్మేవాడు దాన్ని బయటపెట్టాలి. పెట్టకపోతే అది మోసం కిందికే వస్తుందని అదే సెక్షన్ చివర ఉంది. చదవగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన మెల్లిగా చెప్పారు, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఇది వర్తించదని, చాలామంది ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నామని ఒక వాక్యం రాయించేస్తారని, అది లేకపోయినా అమ్మినాయనకి తెలుసునని మనం రుజువు చెయ్యాలని, నువ్వు జాగ్రత్తగా చూస్తే కనబడేదే కదా అని అవతలి లాయరు అడుగుతాడని. సివిల్ కోర్టులో ఏళ్లు పడుతుంది, మేస్త్రి వచ్చి సాక్ష్యం చెప్పాలి, ఆయన పని పోతుంది. మేం ఊరుకున్నాం. 2016లో వచ్చిన రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టంలో ఇల్లు అప్పగించిన నాటి నుంచి అయిదేళ్ల లోపు నిర్మాణంలో లోపం బయటపడితే బిల్డరే బాగుచేసి ఇవ్వాలని ఉంది గాని, అది ప్రాజెక్టులు కట్టి అమ్మేవాళ్లకి. ఒక కుటుంబం ఇంకో కుటుంబానికి పాత ఇల్లు అమ్ముకుంటే దానికి వర్తించదు. మన శ్రీకాకుళం, విజయనగరం లాంటి ఊళ్లలో చేతులు మారే ఇళ్లలో ఇలాంటివే ఎన్నో.

మా అక్క కొడుకు అమెరికాలో నార్త్ కరోలినాలో ఉంటాడు, మొన్నామధ్య ఇల్లు కొన్నాడు. ఫోన్లో నా గోడు చెప్పుకుంటే, పిన్నీ ఇక్కడైతే చెద రిపోర్టు చూడకుండా నేను సంతకమే పెట్టలేదు అన్నాడు. అక్కడ కూడా దేశమంతటికీ ఒకే చట్టం లేదట, రాష్ట్రాన్ని బట్టి, లోను ఇచ్చేవాళ్లని బట్టి ఉంటుంది. చెద ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో మాత్రం, ముఖ్యంగా మాజీ సైనికులకి ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చే హోమ్ లోను అయితే, కర్ర తినే పురుగుల రిపోర్టు లేకపోతే లోను ముందుకు కదలదు. ఆ రిపోర్టు ఖర్చు సైనికుడి మీద పడకూడదని చాలా చోట్ల అమ్మేవాళ్లే కట్టాలనే పద్ధతి ఉండేది, దానివల్ల అమ్మేవాళ్లు వేరే కొనుగోలుదారుల వైపు మొగ్గుతున్నారని 2022లో సైనికులు కూడా కట్టుకోవచ్చని సడలించారు. మాజీ సైనికుడు అన్న మాట వినగానే నాకు ఎవరు గుర్తొచ్చారో వేరే చెప్పక్కర్లేదు.

వాడు పంపిన ఆ రిపోర్టు నమూనా నేను ఫోన్లో పెద్దది చేసుకుని చదివాను. చాలా చిన్న కాగితం. అందులో నాకు నచ్చింది ఏంటంటే, అది ఈ ఇంట్లో చెద లేదు అని హామీ ఇవ్వదు. కంటికి కనబడి, చెయ్యి అందే చోట్లు చూశాం, మాకు కనిపించినవి ఇవి, ఇదివరకు మందు కొట్టిన గుర్తులు ఉన్నాయా లేదా ఇది, సామాను అడ్డం ఉండి మేం చూడలేకపోయిన చోట్లు ఇవి అని విడివిడిగా రాస్తుంది. చూడలేకపోయిన చోట్లు! మా వెనక గది బస్తాలు ఆ కాలమ్‌లోకి వచ్చేవి. చూడలేదు అని రాసి ఉంటే కొనేవాడు ఆ బస్తాలు తీయించమని అడిగి ఉండేవాడు. కాలిఫోర్నియాలో అయితే రిపోర్టు రెండు భాగాలుగా ఉంటుందట, ఇప్పుడు పురుగు ఉన్నవి, తినేసినవి ఒక భాగం, ఇప్పటికి ఏం లేకపోయినా రేపు పట్టడానికి వీలిచ్చేవి, అంటే నీళ్లు కారే పైపు, గోడకి ఆనుకున్న మట్టి, అలాంటివి రెండో భాగం.

వాళ్లవి చెక్క ఇళ్లు, మనవి ఇటుక, సిమెంటు, స్లాబు ఇళ్లు, మనకెందుకు అనేవాళ్లు ఉంటారు. మా ఆయన కూడా మొదట అదే అన్నారు. చెద సిమెంటుని తినదు, సిమెంటులో పగులు చూసుకుని దాంట్లోంచి నడిచి వస్తుంది, దానికి సన్నటి సందు చాలు. కళ్లు లేని, మెత్తటి ఒళ్లున్న పురుగు, ఎండ తగిలితే ఆరిపోతుంది, చీమలు దొరికితే ఎత్తుకుపోతాయి, అందుకే పెన్సిల్ అంత లావు మట్టి బారు కట్టుకుని దాని లోపలే ప్రయాణం చేస్తుంది. పాత ఇళ్లలో బాగా చేవ తిరిగిన టేకు, వేగిస వాడేవాళ్లు, ఆ చేవని చెద అంత తొందరగా ముట్టుకోదు, పైనున్న తెల్ల కర్రే తింటుంది. ఇప్పుడు వాడేది లేత టేకు, సగం తెల్ల కర్రే. దాని మీద ప్లైవుడ్ అలమరలు, టీవీ వెనక ప్యానెల్, మంచం కింద డ్రాయర్లు, మాడ్యులర్ కిచెన్. ఇల్లు ఇటుకది అయినా లోపల చెదకి విస్తరి పరిచే ఉంచుతున్నాం.

మన ప్రాంతానికి ఇంకో కారణం కూడా ఉంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఎన్ని చెట్లు కూలాయో మనకి తెలుసు. పైన కొమ్మలు నరికి పట్టుకుపోయారు, మొదళ్లు చాలా పెరళ్లలో అలాగే నేలలో ఉండిపోయాయి. చచ్చిన వేరు తడి నేలలో కుళ్లుతుంటే చెదకి అంతకన్నా మంచి పుట్టిల్లు ఏముంటుంది. మా పెరట్లో కూడా గోడకి నాలుగడుగుల దూరంలో ఒక పాత వేప మొదలు ఉంది, మీద మట్టి కప్పి తులసి కోట కట్టారు. మందు కొట్టడానికి వచ్చినవాళ్లు మొదట చూపించింది దాన్నే.

మందు గురించి కూడా రెండు మాటలు. కిరసనాయిలు పొయ్యడం, లారీ పాత ఇంజన్ ఆయిల్ పుయ్యడం, మట్టి బారు చీపురుతో దులిపెయ్యడం, ఇవన్నీ నేనూ చేశాను. కంటికి కనబడిన నాలుగు చస్తాయి, రాణి నేలలో హాయిగా ఉంటుంది, రోజుకి వేలల్లో గుడ్లు పెడుతుంది, వారం తిరక్కుండా పక్క గోడ నుంచి వస్తాయి. దీనికి భారత ప్రమాణాల సంస్థ వాళ్ల ప్రమాణం ఉంది, ఐఎస్ 6313 అని, మూడు భాగాలు. ఇల్లు కట్టేటప్పుడు పునాది మట్టికే మందు పట్టించడం ఒక భాగం, కట్టేసిన ఇంటికి చెయ్యాల్సింది ఇంకో భాగం. కట్టేసిన ఇంటికి గోడ నేల కలిసే చోట సుమారు అడుగుకి ఒకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, మందు నీళ్లు దింపి, మళ్లీ మూసెయ్యాలి. మా ఇంట్లో అలాగే చేశారు, ఒక పూట పట్టింది. ఒక్క సంగతి గట్టిగా చెబుతున్నాను, పెరట్లో నుయ్యి ఉంటే ముందే చూపించండి, చేతిబోరు ఉన్నా సరే. మన పేటల్లో ఇంకా నూతి నీళ్లు వాడే ఇళ్లు ఉన్నాయి, ఆ మందు నీళ్లలో కలిస్తే చెద కన్నా పెద్ద ప్రమాదం. ఎంత దూరం వదలాలో వాళ్లని అడిగి, కాగితం మీద రాయించుకోండి.

ఇక ఏం చెయ్యాలంటే, రిజిస్ట్రేషన్‌కి చెద సర్టిఫికెట్ తప్పనిసరి చెయ్యాలని నేను అడగడం లేదు. అక్కడ ఇప్పటికే ఉన్న కాగితాలకే జనం తిరుగుతున్నారు, ఇంకొకటి పెడితే అది ఇంకో క్యూ అవుతుంది, చివరికి ఇల్లు చూడకుండానే జిరాక్సు షాపులో దొరికే సర్టిఫికెట్ అవుతుంది. అంతకన్నా ముందు దశలో, అడ్వాన్సు ఇచ్చే రోజున, ఒప్పందం కాగితంలోనే ఇది రావాలి. అమ్మేవాళ్లు తమ చేత్తో రాయాలి: ఈ ఇంట్లో చెద ఎప్పుడైనా కనిపించిందా, ఎక్కడ, ఏ ఏడాది, మందు కొట్టించారా, ఏ గుమ్మం మార్చారు, ఏ గుమ్మం అతికించారు. నాకు తెలియదు అని రాసినా పరవాలేదు, కానీ రాసి సంతకం పెట్టాలి. అప్పుడు ఆ 1882 నాటి సెక్షన్‌కి చేతికర్ర దొరుకుతుంది, తెలుసా తెలీదా అన్న వాదనే ఉండదు. మన డాక్యుమెంట్ రైటర్లు ఎన్నో ఏళ్లుగా ఒకే మాదిరి ఒప్పందం రాస్తున్నారు, అందులో నాలుగు లైన్లు కలపడానికి ఏ జీవో అక్కర్లేదు.

రెండోది బ్యాంకులు. లోను ఇచ్చే ముందు వాల్యూయర్ని ఎలాగూ పంపిస్తున్నారు, ఆ ఫీజు మన దగ్గరే వసూలు చేస్తున్నారు. ఆయన రిపోర్టులో చెద అన్న ఒక కాలమ్ పెట్టడం ఎంత పని? గుమ్మాలు తట్టడానికి, సింకు కింద టార్చి వేసి చూడ్డానికి, మీటరు బోర్డు వెనక, మెట్ల కింద, అటక మీద, బాత్రూంకి వెనక గోడ చూడ్డానికి ముప్పావుగంట. పాతికేళ్లు ఆ ఇంటి మీద ఈఎంఐ వసూలు చేసుకునే బ్యాంకుకి ఆ ఇంటి గుమ్మంలో కర్ర ఉందో పుట్టీ ఉందో తెలుసుకోవాల్సిన అవసరం మా కన్నా తక్కువేం కాదు.

చూసేవాళ్లు, మందు కొట్టేవాళ్లు ఒకరే కాకూడదు, ఇది నేను అనుభవంతో చెబుతున్నాను. ఉచితంగా చూస్తామని వచ్చిన మొదటి మనిషి ఇల్లంతా పోయిందన్నాడు, రెండో మనిషి రెండు గదులు చాలన్నాడు, ఇద్దరూ ఒకే వారంలో. చూసినందుకు ఆయనకి వేరే డబ్బులివ్వండి, వెయ్యో రెండు వేలో, లక్షలు పెట్టి కొంటున్న ఇంటికి అదేం పెద్ద లెక్క కాదు. ఎవరూ దొరక్కపోతే మీకు తెలిసిన వడ్రంగి మేస్త్రిని ఒక పూట కూలిచ్చి తీసుకెళ్లండి. వాస్తు ఆయన్ని తీసుకెళ్లొద్దని అనను, ఆయనతో పాటు మేస్త్రిని కూడా తీసుకెళ్లండి. వీలైతే వానాకాలంలో చూడండి, ఎండాకాలంలో మట్టి బార్లు ఆరిపోయి రాలిపోతాయి, ఆనవాలు దొరకదు. ఇల్లంతా పాత రంగుండి ఒక్క గుమ్మానికే కొత్త రంగుంటే అక్కడ ఆగండి. మాకు ఇల్లంతా కొత్త రంగే కాబట్టి ఆ అవకాశం కూడా లేకపోయింది, అలాంటప్పుడు ప్రతి గుమ్మం కింది రెండడుగులూ తట్టాల్సిందే.

అమ్మేవాళ్ల భయం నాకు తెలుసు, చెద అన్న మాట వింటే కొనేవాళ్లు పారిపోతారని. పారిపోరు. మేం ఇదంతా ముందే తెలిసినా ఆ ఇల్లు కొనేవాళ్లమే, మాకు ఆ వీధి నచ్చింది, స్కూలు దగ్గర, మంచి నీళ్లు. లక్షన్నర తగ్గించి ఇమ్మనేవాళ్లం, వాళ్లు లక్ష తగ్గించేవాళ్లు, మందు కొట్టించిన తర్వాతే సామాను దింపుకునేవాళ్లం. మా నాన్నగారి ఉత్తరాలు ఉండేవి.

ఈ సంక్రాంతికి మా ఊరు వెళ్లినప్పుడు ఆ ఆర్మీ ఆయన ఇంటికి వెళ్లాను, అంటే మా పాత ఇంటికి. పదిహేనేళ్ల నుంచీ ఆ వీధిలోకి వెళ్లినా ఆ గుమ్మం ఎక్కలేదు నేను. వెనక గది దూలం సంగతి మాకు ముందే తెలుసండీ, మీకు చెప్పకుండా అమ్మాం అని చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నన్ను వెనక గదిలోకి తీసుకెళ్లి పైకి చూపించారు, దూలం లేదు, ఇనప గడ్డరు ఉంది. "రెండో ఏడే కుంగిందమ్మా. 2013లో ఇది వేయించాను. మరుసటి ఏడాదే హుద్‌హుద్ వచ్చింది, ఆ రాత్రి పిల్లలు ఈ గదిలోనే పడుకున్నారు" అన్నారు. అప్పుడే మమ్మల్ని ఎందుకు అడగలేదండీ అంటే, "మీ నాన్నగారి మీద గౌరవం, ఆయన లేకపోయాక పిల్లల్నేం అడుగుతాంలే అనుకున్నాను" అన్నారు. వాళ్లావిడ అరిసెలు పెట్టారు. నాకు గొంతు దిగలేదు. గడ్డరుకి ఎంతయిందో ఎన్నిసార్లు అడిగినా ఆయన చెప్పలేదు. మా అన్నయ్యకి ఫోన్ చేశాను, ఇద్దరం కలిసి ఈ ఉగాదికి వెళ్తున్నాం, ఆయన ఎంతని చెప్పకపోయినా మాకు తోచింది ఇచ్చి వస్తాం.

ఎడిటర్ గారూ, ఆఖరుగా మిమ్మల్నే ఒకటి అడుగుతున్నాను, ఇది మీ చేతిలో ఉన్న పని. మీ క్లాసిఫైడ్స్‌లో ఇళ్ల ప్రకటనలు వేస్తారు కదా, తూర్పు ఫేసింగ్, కార్నర్ బిట్, క్లియర్ టైటిల్, బోరు, కారు పార్కింగ్ అని ఉంటుంది. పాత ఇంటి ప్రకటన తీసుకునేటప్పుడు మీవాళ్లు ఇంకొక్క మాట అడగమనండి, చెద చూపించారా అని. చూపించాం అంటే ఏ నెలలో చూపించారో వెయ్యండి, చూపించలేదు అంటే అదే వెయ్యండి, ఆ ఒక్క మాటకి అదనంగా డబ్బులు తీసుకోకండి. మా అద్దె ఇంటి పాత ఓనరు వచ్చే నెల తన ఇల్లు అమ్మకానికి పెడుతున్నారు, నేను ఆయనతో మాట్లాడాను, మేస్త్రిని పెట్టి చూపిస్తానన్నారు. మీరు సరేనంటే మొదటి ప్రకటన ఆయనదే పంపిస్తాం.

ఇట్లు,
ఒక టీచరు గారి భార్య,
దాసన్నపేట, విజయనగరం